ఆపరేషన్ తరువాత ఏ రిపోర్టును నమ్మాలి: ఒక ఊపిరితిత్తుల క్యాన్సర్ కేసు

రోగికి 58 ఏళ్లు. కోస్తా ఆంధ్రలోని ఒక పల్లె నుంచి వచ్చారు. ఆమె ఎవరో తెలిసే వివరాలేవీ ఇక్కడ రాయడం లేదు.

బీడీ, సిగరెట్టు అలవాటు లేదు. ఉత్తరాంధ్ర వైపు కొందరు ఆడవాళ్లకు చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు ఉంటుంది. పొగ తాగుతారా అని అడిగితే వాళ్లు లేదనేస్తారు. అందుకని దాని గురించి విడిగా అడిగాను, అదీ లేదు. ఇంటికి గ్యాస్ వచ్చేదాకా మాత్రం ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి మీదే వండారు.

దగ్గు మొదలై ఎనిమిది నెలలైంది. ఎక్స్‌రేలో కుడివైపు పైన మచ్చ కనిపిస్తే వేరేచోట టీబీ అనుకుని మందులు మొదలుపెట్టారు. తెమడలో టీబీ క్రిములు ఒక్కసారీ కనిపించలేదు. టీబీ ఇంతగా ఉన్న దేశంలో ఎక్స్‌రే మచ్చను ముందు టీబీ అనుకోవడం అర్థం చేసుకోదగ్గదే. కానీ తెమడలో క్రిమి దొరకనప్పుడు, రెండు నెలలు మందు వాడినా మచ్చ తగ్గనప్పుడు సీటీ, బయాప్సీ చేసి తీరాలి. మన దగ్గర చాలామందికి ఆపరేషన్‌కు వీలున్న దశ ఈ నెలల్లోనే చేజారిపోతోంది. ఈమెకు ఇంకా వీలుంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. తరువాతి వారాల్లో బయోమార్కర్ (క్యాన్సర్ తీరు చెప్పే గుర్తులు) రిపోర్టులు ఒక్కొక్కటిగా వస్తూ ఒక్కోటీ ఒక్కో దారి చూపించాయి. ఈ కేసు రాస్తున్నది అందుకే. వాటిలో దేన్ని పట్టించుకోవాలి, దేన్ని పక్కన పెట్టాలి? నా అభిప్రాయం ముందే చెబుతాను. రిపోర్టు ఎలా వచ్చినా మనం చేసే వైద్యం మారదనుకుంటే, ఆ పరీక్ష వల్ల రోగికి దక్కేది భయమో, పైపై ధీమానో మాత్రమే. వైద్యాన్ని మార్చే జవాబులు చాలావరకు ఆపరేషన్‌లో తీసిన ముక్కలోనే ఉంటాయి. ముందు దాన్ని పూర్తిగా చదవాలి.

ఆపరేషన్‌కు ముందు

సీటీలో కుడి ఊపిరితిత్తి పై భాగంలో, అంటే పై లోబ్‌లో, 3.4 సెంటీమీటర్ల గడ్డ. పెట్ సీటీలో ఆ గడ్డ తప్ప మరెక్కడా అనుమానం లేదు. మెదడు ఎంఆర్ఐ బాగుంది. ఈబస్ (శ్వాసనాళంలోకి అల్ట్రాసౌండ్ గొట్టం పంపే పరీక్ష) చేసి ఛాతీ మధ్యలోని 4ఆర్, 7 స్టేషన్ల (గ్రంథులుండే చోట్లకు ఇచ్చిన నంబర్లు) లింఫ్ గ్రంథుల నుంచి సూదితో శాంపిల్ తీశాం, క్యాన్సర్ లేదు. గడ్డ బయాప్సీలో అడినోకార్సినోమా (స్రావాలు ఊరే కణాల్లో పుట్టే రకం క్యాన్సర్) అని తేలింది. వచ్చిన ముక్క మరీ చిన్నది. అది ఏ రకం క్యాన్సరో తేల్చే స్టెయిన్లకే (రంగు వేసి చూసే పరీక్షలకే) సరిపోయింది, జన్యు పరీక్షకు మిగల్లేదు.

ఆపరేషన్‌కు ముందే, క్యాన్సర్‌ను ఎగదోసే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే జన్యు మార్పులు ఉన్నాయో లేదో తెలుసుకోవడం ఇప్పుడు చాలా కేసుల్లో అవసరమవుతోంది. 2022లో ప్రచురించిన చెక్‌మేట్-816 ట్రయల్ ఫలితాలతో ఆ అవసరం పెరిగింది. అందులో 358 మంది ఉన్నారు. కీమోతో పాటు నివోలుమాబ్ (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందు) మూడు సైకిళ్లు ఇచ్చి ఆపరేషన్ చేస్తే, 24 శాతం మందికి తీసిన ముక్కలో బతికున్న క్యాన్సర్ కణం ఒక్కటీ కనిపించలేదు. కీమో మాత్రమే తీసుకున్నవారిలో అలాంటివాళ్లు 2.2 శాతం. అయితే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే మార్పులున్నట్టు తెలిసినవాళ్లను ఆ ట్రయల్‌లో చేర్చుకోలేదు. ఈమె గడ్డ 4 సెంటీమీటర్ల లోపే ఉంది, గ్రంథుల్లో ఏమీ కనిపించలేదు. అందుకని మా ట్యూమర్ బోర్డు (కేసును కలిసి చర్చించే డాక్టర్ల బృందం) నేరుగా ఆపరేషన్‌కే మొగ్గింది.

ఊపిరితిత్తి ఆపరేషన్ ఫలితం అంటే రెండు వేర్వేరు సంగతులు. మొదటిది, ఆ నెల రోజులు క్షేమంగా దాటతారా అన్నది. ఊపిరితిత్తుల బలం చూస్తే ఎఫ్ఈవీ1 (మొదటి సెకనులో ఊదగల గాలి) 82 శాతం, డీఎల్‌సీఓ (గాలిని రక్తంలోకి చేర్చే సత్తా) 74 శాతం ఉన్నాయి. పై లోబ్ పోయాక మిగిలేది లెక్క వేస్తే రెండూ 60 శాతానికి పైనే వచ్చాయి కాబట్టి ఇంకే వ్యాయామ పరీక్షా అవసరపడలేదు. ఆకలి చచ్చిపోయి అల్బుమిన్ తగ్గి ఉంది. గుడ్లు, పప్పు, పాలు పెంచి కొన్నాళ్లు ఆగి అది కాస్త కోలుకున్నాకే ఆపరేషన్ పెట్టుకున్నాం. రెండో సంగతి, ఐదేళ్ల తరువాత ఎలా ఉంటారన్నది. మిగతా కథంతా దాని గురించే.

ఆపరేషన్‌కు ముందు రక్తంలో సీఈఏ (కొన్ని క్యాన్సర్లలో పెరిగే ప్రోటీన్) 14.6 ఉంది. పొగ తాగనివాళ్లలో మామూలుగా 5 లోపు ఉంటుంది. ముందే ఎక్కువగా ఉన్న సీఈఏ ఆపరేషన్ తరువాతా దిగిరాకపోతే అది మంచి సూచన కాదని చాలాకాలంగా తెలుసు. కాబట్టి ముందటి అంకె రాసిపెట్టుకోవాలి. తరువాత మాత్రమే చేయించిన సీఈఏను దేనితో పోల్చుతాం?

ముక్కను ల్యాబ్‌కు చేర్చడం

వీడియో సాయంతో చిన్న కోతల ద్వారా కుడి పై లోబ్ తీశాం. లింఫ్ గ్రంథులను స్టేషన్ వారీగా విడివిడి డబ్బాల్లో వేసి, ప్రతి డబ్బా మీద స్టేషన్ నంబరు రాయించాం. ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది కానీ రోగి స్టేజ్ ఇక్కడే తేలుతుంది. గ్రంథులన్నీ ఒకే డబ్బాలో పడ్డాక, క్యాన్సర్ ఉన్న గ్రంథి ఊపిరితిత్తి మొదట్లోదా, ఛాతీ మధ్య భాగంలోదా అని పెథాలజిస్టు చెప్పలేరు. మొదటిదైతే ఎన్1, రెండోదైతే ఎన్2. ఐదేళ్ల అంచనా, ఇచ్చే చికిత్స రెండూ అక్కడే వేరుపడతాయి.

ఫార్మలిన్ సంగతి కూడా చెప్పాలి. 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ వాడాలి. లోబ్‌ను కోసి ద్రవం లోపలి దాకా చేరేలా చూడాలి. ముక్క అందులో 6 నుంచి 48 గంటలు ఉంటే డీఎన్ఏ బాగా నిలుస్తుంది. బఫర్ లేని ఫార్మలిన్‌లో వేసినా, రోజుల తరబడి నాననిచ్చినా డీఎన్ఏ తునకలైపోతుంది. తరువాత ఎంత ఖరీదైన జన్యు పరీక్ష పెట్టినా "శాంపిల్ పనికిరాదు" అనే వస్తుంది. సంక్రాంతి, దసరా సెలవుల ముందు సాయంత్రం ఆపరేషన్ పెట్టుకునే సర్జన్లందరికీ నా విన్నపం ఒకటే. మర్నాడు ఆ ముక్కను ఎవరు కోసి బ్లాకులు చేస్తారో ముందే అడిగి పెట్టుకోండి.

పెథాలజీ రిపోర్టు

గడ్డ 3.6 సెంటీమీటర్లు. అడినోకార్సినోమాలో ఎక్కువ భాగం అసినార్ నమూనాలో, 25 శాతం మైక్రోపాపిల్లరీ నమూనాలో ఉంది (నమూనా అంటే మైక్రోస్కోపులో కణాలు అమరిన తీరు). ఊపిరితిత్తి పైపొరలోకి కొంచెం చొచ్చుకుపోయింది, పీఎల్1. గడ్డ అంచు దాటి గాలి అరల్లో క్యాన్సర్ కణాల గుంపులు ఉన్నాయి, దీన్ని స్టాస్ అంటారు. ఊపిరితిత్తి మొదట్లో 10ఆర్ స్టేషన్‌లో ఒక్క గ్రంథిలో క్యాన్సర్ దొరికింది. మిగతా గ్రంథులు, కోత అంచులు శుభ్రంగా ఉన్నాయి. స్టేజ్ టీ2ఏ ఎన్1 (టీ గడ్డను, ఎన్ గ్రంథులను సూచిస్తాయి), అంటే 2బీ.

ఈ కొద్ది వాక్యాల్లో ఉన్నంత సమాచారం తరువాత చేయించిన ఏ రక్త పరీక్షలోనూ లేదు. స్టేజ్ సంగతే చూడండి. ఎనిమిదో టీఎన్ఎం వర్గీకరణకు ఆధారమైన అంతర్జాతీయ లెక్కల్లో, ఆపరేషన్ తరువాత నిర్ధారించిన స్టేజ్ 1బీ వాళ్లలో ఐదేళ్లకు బతికి ఉన్నవారు 73 శాతం, 2బీలో 56 శాతం, 3ఏలో 41 శాతం. స్కాన్‌లో 1బీలా కనిపించిన ఈమెను ఒక్క గ్రంథి 2బీకి తెచ్చింది. ఆ గ్రంథి తీయకపోయి ఉంటే స్టేజ్ తక్కువని రాసేవాళ్లం, మందు తక్కువ ఇచ్చేవాళ్లం.

మైక్రోపాపిల్లరీ సంగతి చాలా రిపోర్టుల్లో ఇంకా సరిగ్గా రావడం లేదు. "అసినార్ ప్రధానం" అని రాసి వదిలేస్తే మధ్యస్థ గ్రేడ్ అనుకుంటాం. 2020లో అంతర్జాతీయ ఊపిరితిత్తుల క్యాన్సర్ సంఘం పెథాలజీ కమిటీ ప్రచురించిన పద్ధతి ప్రకారం, సాలిడ్, మైక్రోపాపిల్లరీ లాంటి ఉధృతమైన నమూనాలు 20 శాతం కానీ అంతకు మించి కానీ ఉంటే, ప్రధాన నమూనా ఏదైనా సరే అది గ్రేడ్ 3. ఈమెది గ్రేడ్ 3. మా పెథాలజిస్టు ప్రతి నమూనాకూ శాతం రాశారు కాబట్టే అది బయటపడింది. పీఎల్1 వల్ల ఈమె స్టేజ్ మారలేదు, గడ్డ ఎలాగూ 3 సెంటీమీటర్లు దాటింది. అదే 2 సెంటీమీటర్ల గడ్డ అయితే పైపొర దాటడం వల్లనే టీ1 నుంచి టీ2ఏకి వెళ్లేది. అందుకే అనుమానం ఉన్నప్పుడు పైపొర దాటిందో లేదో చూపే ఎలాస్టిక్ స్టెయిన్ అడుగుతాం.

పీడీ-ఎల్1 ముందు వచ్చింది

పీడీ-ఎల్1 అంటే క్యాన్సర్ కణాల మీద కనిపించే, ఇమ్యునోథెరపీ పనిచేసే అవకాశాన్ని సూచించే ప్రోటీన్. వారం లోపే దాని రిపోర్టు చేతికొచ్చింది, 60 శాతం. జన్యు పరీక్ష ఇంకా రావాలి. ఈ కేసులో అసలు ప్రమాదం పొంచి ఉన్నది ఈ మధ్య కాలంలోనే.

డల్లాస్‌లో ఉద్యోగం చేసే వాళ్లబ్బాయి అప్పటికే చాలా చదివేశాడు. "సార్, 60 శాతం అంటే ఇమ్యునోథెరపీ బాగా పనిచేస్తుందంట కదా, ఇంకా ఎందుకు ఆలస్యం?" అని ఫోన్‌లో అడిగాడు. తప్పు ప్రశ్న కాదు. 2021లో వచ్చిన ఇంపవర్-010 ట్రయల్‌లో ఆపరేషన్, కీమో అయ్యాక అటెజోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇస్తే స్టేజ్ 2, 3ఏ రోగుల్లో జబ్బు తిరిగిరావడం తగ్గింది. పీడీ-ఎల్1 50 శాతం, ఆపైన ఉన్నవాళ్లకు లాభం ఇంకా ఎక్కువ.

కానీ పొగ తాగని ఆడమనిషి, అడినోకార్సినోమా. మన దగ్గర ఇలాంటివాళ్లలో ఈజీఎఫ్ఆర్ మార్పు దొరికే అవకాశం చాలా ఎక్కువ. ఆ మార్పు ఉన్న కణితికి పీడీ-ఎల్1 ఎంత ఉన్నా ఇమ్యునోథెరపీతో పెద్దగా ప్రయోజనం ఉండదు. అంతకన్నా భయపడాల్సిన సంగతి ఇంకోటుంది. ముందు ఇమ్యునోథెరపీ ఇచ్చి తరువాత ఒసిమెర్టినిబ్‌కు (ఈజీఎఫ్ఆర్ మార్పు మీద పనిచేసే మాత్ర) మారితే ఊపిరితిత్తులు వాచే ప్రమాదం. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ వైద్యులు 2019లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఆ వరుసలో మందులు తీసుకున్న 41 మందిలో ఆరుగురికి తీవ్రమైన రోగనిరోధక దుష్ప్రభావాలు వచ్చాయి. ఇమ్యునోథెరపీ ఆపిన మూడు నెలల లోపే ఒసిమెర్టినిబ్ మొదలుపెట్టినవాళ్లలో అది 21 మందికి ఐదుగురు. ఇప్పటికే ఒక లోబ్ పోయిన మనిషికి మిగిలిన ఊపిరితిత్తి వాస్తే తట్టుకోవడానికి ఏముంటుంది?

ఆ అబ్బాయికి ఇదంతా చెప్పి, జన్యు రిపోర్టు వచ్చేదాకా ఇమ్యునోథెరపీ మాట ఎత్తవద్దన్నాను. ఆపరేషన్ కోలుకోవడానికి ఎలాగూ కొన్ని వారాలు పడుతుంది, ఆ వ్యవధిలో రిపోర్టు వచ్చేస్తుంది. వచ్చింది: ఈజీఎఫ్ఆర్ ఎక్సాన్ 19 డిలీషన్ (ఆ జన్యువులో ఒక తునక లేకపోవడం), దానితో పాటు టీపీ53 (కణాలు అదుపు తప్పకుండా కాపలా కాసే జన్యువు) మ్యుటేషన్. ఏఎల్‌కే నెగెటివ్.

ఇప్పుడు వాళ్లకు టీపీ53 గురించి టెన్షన్ పట్టుకుంది. ఈజీఎఫ్ఆర్‌తో పాటు టీపీ53 కూడా ఉంటే జబ్బు మొండిదని ఇంటర్నెట్‌లో ఉన్నది నిజమే. ఈసారి తల్లి, కొడుకు ఇద్దరూ వింటుండగా మాట్లాడాను. ఆమెది వ్యవసాయ కుటుంబం కాబట్టి ఆ మాటల్లోనే చెప్పాను: చేలో తెగులు ఎంత ఉధృతంగా ఉందో చెప్పేవి కొన్ని పరీక్షలు, ఏ మందు కొడితే అది పోతుందో చెప్పేవి కొన్ని. టీపీ53, మైక్రోపాపిల్లరీ, సీఈఏ మొదటి రకం. ఈజీఎఫ్ఆర్ రెండో రకం. ఆమె వెంటనే అడిగారు: "అయితే బాబూ, నా రోగానికి తగిలే మందు ఉన్నట్టేనా?" ఉందమ్మా అన్నాను. తరువాత ఆమె టీపీ53 గురించి మళ్లీ అడగలేదు.

ఆ మందుకు ఆధారం అడౌరా ట్రయల్. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉండి, పూర్తిగా ఆపరేషన్ అయిన 682 మందిలో సగం మందికి ఒసిమెర్టినిబ్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 2020లో వచ్చిన ఫలితాల్లో స్టేజ్ 2 నుంచి 3ఏ వాళ్లలో రెండేళ్లకు జబ్బు తిరిగిరాకుండా ఉన్నవారు మందు వైపు 90 శాతం, మరో వైపు 44 శాతం. తిరిగిరావడం ఆలస్యమైతే సరిపోతుందా, మనిషి ఎక్కువకాలం బతకాలి కదా అని చాలామంది అభ్యంతరం చెప్పారు. దానికి జవాబు 2023లో వచ్చింది: అదే స్టేజుల్లో ఐదేళ్లకు బతికి ఉన్నవారు 85 శాతం, 73 శాతం. ఒక బయోమార్కర్ విలువను కొలవాల్సింది ఇలాగే.

ట్రయల్‌లో దాదాపు 60 శాతం మంది ముందు కీమో కూడా తీసుకున్నారు. ఈమెకు గ్రంథిలో క్యాన్సర్ ఉంది, గ్రేడ్ 3, శరీరం తట్టుకోగలదు. సిస్‌ప్లాటిన్ ఆధారిత కీమోతో ఐదేళ్లకు వందలో సుమారు ఐదుగురికి అదనంగా మేలు జరుగుతుందని కొన్ని ట్రయల్స్‌ను కలిపి చూసిన 2008 నాటి లేస్ విశ్లేషణ చెప్పింది. ఆ లాభం చిన్నదని ఆమెకు దాచకుండా చెప్పాం, ఒప్పుకున్నారు. సిస్‌ప్లాటిన్, పెమెట్రెక్సెడ్ నాలుగు సైకిళ్లు అయ్యాక ఒసిమెర్టినిబ్ రోజుకు 80 మిల్లీగ్రాముల మాత్ర, మూడేళ్లకు. కీమో తీసుకున్నవాళ్లకు ఆపరేషన్ అయిన 26 వారాల లోపు మాత్ర మొదలుపెట్టాలన్నది ట్రయల్ నియమం, దానికి కట్టుబడ్డాం. ధర మాత్రం ఇప్పటికీ గుండె గుభేలుమనిపిస్తుంది. 2024 జులై కేంద్ర బడ్జెట్‌లో ఈ మందుకు కస్టమ్స్ సుంకం తీసేశారు. అయినా అమెరికాలో కొడుకు లేని ఇంటికి మూడేళ్లు దీన్ని కొనడం ఎలా అన్నది నాకు నిద్రపట్టనివ్వని ప్రశ్న.

రక్తంలో కణితి డీఎన్ఏ

కీమో మొదలయ్యే ముందు కొడుకు ఇంకో పరీక్ష గురించి అడిగాడు. రక్తంలో తిరిగే కణితి డీఎన్ఏను పట్టుకుని, కంటికి కనపడని జబ్బు మిగిలి ఉందో లేదో చెప్పే పరీక్ష. ఖర్చుకు వెనకాడను, చేయించండి అన్నాడు.

ఈ రంగం మీద నాకు చాలా ఆశ ఉంది. 2017లో స్టాన్‌ఫర్డ్ బృందం 40 మంది రోగుల మీద చేసిన పనిలో, జబ్బు తిరిగొచ్చినవాళ్లలో 94 శాతం మందికి చికిత్స తరువాత తీసిన మొదటి రక్తంలోనే కణితి డీఎన్ఏ కనిపించింది. 72 శాతం మందిలో స్కాన్ కన్నా ముందే కనిపించింది, ఆ తేడా సగటున 5 నెలల పైమాట. అంత ముందుగా తెలిస్తే ఏదో ఒకటి చేయొచ్చన్న ఆశ ఎవరికైనా పుడుతుంది.

అయితే బ్రిటన్‌లోని ట్రేసరెక్స్ అధ్యయనం ఇంకో వైపు కూడా చూపించింది. ఆపరేషన్‌కు ముందు, గడ్డ ఇంకా ఒంట్లో ఉన్నప్పుడే, స్క్వామస్ అనే ఇంకో రకం క్యాన్సర్ వాళ్లలో 97 శాతం మంది రక్తంలో కణితి డీఎన్ఏ దొరికితే అడినోకార్సినోమాలో 19 శాతం మందికే దొరికింది. అదే అధ్యయనం 2023లో ఇంకా సున్నితమైన పద్ధతితో చూసినప్పుడు, ఆపరేషన్ అయిన 120 రోజుల లోపు డీఎన్ఏ కనిపించినవాళ్లు 25 శాతం. తరువాత జబ్బు తిరిగొచ్చినవాళ్లలో దాదాపు సగం మంది వాళ్లే. మిగతా సగం మందికి ఆ వ్యవధిలో ఏమీ కనిపించలేదు, అయినా జబ్బు తిరిగొచ్చింది. మెదడులోకి వెళ్లిన జబ్బు రక్తంలోకి డీఎన్ఏ అంతగా వదలదు. ఈజీఎఫ్ఆర్ రోగుల్లో మనం ఎక్కువగా భయపడేది మెదడు గురించే. వయసుతో పాటు తెల్లకణాల్లో వచ్చే మార్పులు కూడా ఈ పరీక్షలో కణితి మార్పుల్లా కనిపించి తికమక పెడతాయి. టీపీ53 అలాంటి జన్యువుల్లో ఒకటి. అందుకే తెల్లకణాల డీఎన్ఏతో పోల్చి చూడని పరీక్షను నేను లెక్కలోకి తీసుకోను.

ఆ అబ్బాయిని ఒక్కటే అడిగాను. "పాజిటివ్ వస్తే ఏం చేద్దాం?" కీమో, ఒసిమెర్టినిబ్ అన్నాడు. "నెగెటివ్ వస్తే?" కాసేపు ఆగి, అదే అన్నాడు. నెగెటివ్ వచ్చిందని మాత్ర మానేయమని చెప్పే ధైర్యం నాకు లేదు, దానికి ఆధారమూ లేదు. పరీక్ష చేయించలేదు. ఆ డబ్బు మాత్రల ఖాతాలో పెట్టుకున్నారు. రోగి వేరే అయితే నా జవాబు మారొచ్చు. ఏ మందుకూ దారి చూపే మార్పు లేని స్టేజ్ 1బీ రోగి, కీమో ఇవ్వాలా వద్దా అని ఊగిసలాడుతున్నాం అనుకుందాం. అక్కడ పాజిటివ్ రిపోర్టు నన్ను కదిలిస్తుంది.

ఈఆర్‌సీసీ1 గుర్తుందా

కొత్త బయోమార్కర్ వచ్చిందని ఎవరైనా ఉత్సాహంగా చెప్పినప్పుడు నేను మా పీజీలకు ఈఆర్‌సీసీ1 కథ చెబుతాను. దెబ్బతిన్న డీఎన్ఏను బాగుచేసే ప్రోటీన్ అది. సిస్‌ప్లాటిన్ చేసిన గాయాన్ని కణితి మాన్పుకోగలిగితే మందు పనిచేయదు, ఆ ప్రోటీన్ లేకపోతే పనిచేస్తుంది. తర్కం చాలా బాగుంది. 2006లో, ఆపరేషన్ తరువాత కీమోను పరీక్షించిన ఐఆల్ట్ ట్రయల్‌కు చెందిన 761 కణితుల మీద పరీక్షిస్తే సరిగ్గా అలాగే వచ్చింది, పెద్ద జర్నల్‌లో వేశారు. ఆపరేషన్ తరువాత కీమో ఎవరికివ్వాలో ఇక స్టెయిన్ చూసి చెప్పేయొచ్చని అందరం అనుకున్నాం.

2013లో అదే బృందం మళ్లీ చూసింది, ఫలితం నిలబడలేదు. ఈఆర్‌సీసీ1కి నాలుగు రూపాలున్నాయి, నిజంగా పనిచేసేది వాటిలో ఒక్కటే. మార్కెట్‌లో దొరికే 16 యాంటీబాడీలను పరీక్షిస్తే ఒక్కటి కూడా ఆ రూపాన్ని విడిగా పట్టుకోలేకపోయింది. అంటే స్లైడు మీద గోధుమ రంగు కనిపిస్తోంది కానీ అది మనకు కావలసిన ప్రోటీన్‌దో కాదో ఎవరికీ తెలియదు. తమ పేరుతో వచ్చిన ఫలితాన్ని తామే తిరిగి పరీక్షించి, నిలబడలేదని ప్రచురించిన ఆ శాస్త్రవేత్తలంటే నాకు గొప్ప గౌరవం. ఇప్పుడు ఏ రోగికీ ఈఆర్‌సీసీ1 చూసి కీమో నిర్ణయించడం లేదు.

ఇప్పుడు

ఆపరేషన్ అయి రెండేళ్లు దాటింది. స్కాన్లలో జబ్బు లేదు. సీఈఏ ఆరు వారాలకే 3.1కి దిగి అక్కడే ఉంది. మధ్యలో ఒకసారి ఊరికి దగ్గరని వేరే ల్యాబ్‌లో చేయిస్తే 6.2 వచ్చి ఇంటిల్లిపాదీ హడలిపోయారు. సీఈఏను ఒక్కో యంత్రం, ఒక్కో కిట్ ఒక్కోలా కొలుస్తాయి. ఎప్పుడూ చేయించే చోటే మళ్లీ చేయిస్తే 3.3. ఒక్క అంకె చూసి సీటీకి పరుగెత్తక్కర్లేదు, మందు మార్చనే కూడదు. ముందు అదే ల్యాబ్‌లో తిరిగి చేయించాలి, అప్పుడూ పెరుగుతుంటేనే స్కాన్. అసలు సీఈఏను అందరికీ వరుసగా చేయించమని నేను చెప్పను. ఈమెకు ముందు ఎక్కువగా ఉండి, గడ్డ తీయగానే దిగింది కాబట్టి కొనసాగిస్తున్నాం.

మాత్ర వల్ల విరేచనాలు మొదట్లో ఉండి సర్దుకున్నాయి. గోరుచుట్టు మాత్రం పదేపదే వస్తోంది. అంట్లు తోమేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోమని, గోళ్లు మరీ లోపలికి కత్తిరించుకోవద్దని చెప్పాం. ఈసీజీ, ఎకో బాగున్నాయి. కొత్తగా ఆయాసం వస్తే ఆగకుండా వెంటనే ఫోన్ చేయాలని మొదటి రోజే చెప్పి ఉంచాం, మందు వల్ల ఊపిరితిత్తి వాచే అవకాశం తక్కువే అయినా ఉంది.

మూడేళ్లు పూర్తయ్యాక మాత్ర ఆపుతాం. ఆపాక కొందరిలో జబ్బు తిరగబెడుతోంది, అడౌరా లెక్కల్లో అది కనిపిస్తుంది. కాబట్టి ఆ తరువాతి రెండేళ్లు ఆరు నెలలకోసారి సీటీ, ఏడాదికోసారి మెదడు ఎంఆర్ఐ తప్పనిసరని ఇప్పుడే రాసి ఇచ్చాం. మూడేళ్ల తరువాత కూడా మాత్ర కొనసాగించమని కొడుకు అడుగుతున్నాడు, ఆ మాట ఇంకా తేలలేదు. ఒకవేళ జబ్బు తిరిగొస్తే ముందు కొత్త చోట బయాప్సీ చేయాలి. క్యాన్సర్ ఇంకో రూపం ఎత్తి ఉండొచ్చు, మెట్ అనే జన్యువు ప్రతులు పెరిగి ఉండొచ్చు, కొన్నిసార్లు స్మాల్ సెల్ అనే వేరే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌గా మారిపోతుంది కూడా. పాత రిపోర్టు పట్టుకుని కొత్త మందు రాయకూడదు. పాత బ్లాకులు మా పెథాలజీ విభాగంలో నంబర్లతో భద్రంగా ఉన్నాయి. ఆ నంబర్లు డిశ్చార్జి సమ్మరీ మీద రాసి, రేపు ఏ ఊళ్లో ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా చూపించమని వాళ్లకు చెప్పాను.